‘మ’లో తప్పేమీ లేదు

ఒక చిన్న గడిలో పెట్టిన టిక్కు గుర్తు అది. మౌస్‌తో ఒక్క నొక్కు. చప్పుడు కూడా సరిగా వినిపించదు. దాని బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నానంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి. నేనూ మొదట్లో నవ్వేసి ఊరుకోవాలనే చూశాను, ఇదేమన్నా హత్యా, దొంగతనమా అని. నవ్వు రాలేదు. నా పక్కన ఎవరైనా కంప్యూటర్‌లో ఏదో వెతుక్కుంటూ కూర్చుంటే ఇప్పటికీ నేను లేచి అవతలికి పోతాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నంద్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక డీటీపీ సెంటర్ ఉండేది. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బడిపిల్లల సర్టిఫికెట్లు చేసేవాళ్లం. వాటితోపాటు ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లకు శిలాఫలకాల అక్షరాలు కూడా. ఎక్కడన్నా బడికి గది కట్టినా, ఊరికి నీళ్ల ట్యాంకు కట్టినా, దాత పేరు చెక్కించి ఒక రాయి పెడతారు కదా. ఆ అక్షరాలు మేము కొట్టి పెద్ద సైజులో ప్రింటు తీసిస్తే, వాళ్లు రాయి మీద అంటించి చెక్కేవాళ్లు. ఆ అంగట్లో ఆపరేటర్లందరిలోకీ నేనే పాతదాన్ని.

నా గొప్ప ఏమిటో ముందు చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. నాకు ఫైళ్లు గుర్తుండేవి. అంతే, అదే నా గొప్ప. అప్పటి తెలుగు ఫాంట్లలో కొట్టినదాన్ని కంప్యూటర్ తెలుగుగా గుర్తుపట్టేది కాదు. తెరమీద మనకు ‘నంద్యాల’ అని కనిపిస్తుంది, లోపల మాత్రం ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. అందుకని కంప్యూటర్‌తో వచ్చిన ‘ఫైండ్’లో తెలుగు మాట వేసి వెతకడం కుదరదు. ఫైలు పేరు తెలిస్తేనే దొరుకుతుంది. పేర్లేమో ఎవరిష్టం వాళ్లది. ‘న్యూ’, ‘న్యూ న్యూ’, ‘ఫైనల్’, ‘ఫైనల్ కాదు’. పోయిన ఏడాది కార్డు మళ్లీ కావాలని ఎవరైనా వస్తే ఆపరేటర్లంతా నా వైపు తిరిగేవాళ్లు. బనగానపల్లె మామిడి మండీ కరపత్రం ఎక్కడుందక్కా అని ఒకరు, పగిడ్యాల పెళ్లికార్డు ఏ పేరుతో ఉందక్కా అని ఇంకొకరు. తల ఎత్తకుండానే చెప్పేదాన్ని. మా ఓనరు వచ్చినవాళ్లకు నన్ను చూపించి, మా పాపకు కంప్యూటర్ కంటే ఎక్కువ గుర్తుంటుందని చెప్పేవాడు. ఆ మాట కోసం పొద్దున్నే లేచి వచ్చేదాన్నంటే నమ్మండి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఫైళ్లకు ఊరిపేరుతో, వరసగా పేర్లు పెట్టే పద్ధతి చేద్దామని ఓనరే ఒకసారి అన్నాడు. నేను ఏవో సాకులు చెప్పి మాన్పించాను. అందరికీ అన్నీ దొరికితే ఇక నన్నెవరు అడుగుతారు? అంటే విత్తనం అప్పటికే నాలో ఉంది. మాబున్ని వచ్చి కొత్తగా నాటింది కాదు.

మాబున్ని ఆళ్లగడ్డ అమ్మాయి. వాళ్ల నాయన అక్కడ ఇనుప ట్రంకుపెట్టెలు చేసి అమ్మేవాడు. నంద్యాలలో కంప్యూటర్ల డిగ్రీ చదివి, మా అంగట్లో చేరి, రోజూ బస్సులో వచ్చిపోయేది. తెలుగు కొట్టడం నేనే నేర్పాను, ఏ వత్తు ఎక్కడుంటుందో వేలు పట్టుకుని మరీ. మూడు వారాలు తిరక్కముందే నన్ను దాటిపోయింది. అణకువ అనేది దాని ఇంటా వంటా లేదు. తనకొచ్చింది వచ్చని గట్టిగా చెప్పేది, ఇంకా గట్టిగా నవ్వేది. వాళ్లమ్మ చేసిన పలావులో ముక్కలన్నీ ఏరి నా డబ్బా మూతలో వేసేది. నాకు దాని మీద ఇష్టమే. ఇష్టం లేనివాళ్ల మీద ఇంత ఏడుపు ఉండదు. పరాయివాళ్లు బాగుపడితే చూసి ఊరుకుంటాం. మన పక్కన కూర్చుని, మన దగ్గర నేర్చుకుని, మనతో పంచుకు తిన్నవాళ్లు పైకి పోతుంటేనే కదా కడుపు మండేది. లేక నేనొక్కదాన్నే అలాంటిదాన్నా?

నాకు టైఫాయిడ్ వచ్చి కొన్నాళ్లు ఇంట్లో పడుకున్నాను. ఆ రోజుల్లో అంగడి నుంచి పక్కింటికి ఫోన్లు వస్తూనే ఉండేవి, ఫలానా ఫైలు ఎక్కడ, ఫలానా కార్డు ఎక్కడ అని. జ్వరంలోనే లేచి వెళ్లి చెప్పివచ్చేదాన్ని. కాళ్లు వణికేవి, మనసుకు మాత్రం హాయిగా ఉండేది. తర్వాత ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. నేను తిరిగి పనిలోకి వెళ్లిన రోజు ఓనరు నన్ను కూర్చోబెట్టి, చూడు పాపా మాబున్ని ఏం చేసిందో అన్నాడు.

అది ఒక చిన్న ప్రోగ్రాము. గడిలో తెలుగు మాట కొట్టాలి. అది ఆ మాటను మా ఫాంటు లోపలి గీతలుగా, చుక్కలుగా మార్చుకుని, డిస్కులో ఉన్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసి, ఎందులో ఉందో పేరుతో సహా చెప్పేస్తుంది. ఓనరు ‘మహానంది’ అని కొట్టాడు. నేను మరిచిపోయిన ఫైళ్లు కూడా వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను మరిచిపోయినవి. అది చూసినప్పుడు నా లోపల ఏమైందో ఇప్పటికీ గుర్తుంది.

పైగా మాబున్ని దానికి పేరు పెట్టింది. ‘అక్క’ అని. తెరమీద పైన పెద్ద అక్షరాలతో, అక్క. అందరూ ఏదన్నా కావాలంటే అక్కనే అడుగుతారు కదా, అందుకే ఆ పేరు పెట్టినా అని సంబరంగా చెప్పింది. జ్వరంలో ఉన్న నన్ను మాటిమాటికీ లేపుతున్నారని బాధపడి చేసిందట. అది మర్యాదే. ప్రేమే. నాకు తెలుసు, అప్పుడూ తెలుసు. కానీ నాకు మాత్రం బతికుండగానే ఫోటోకు దండ వేసినట్టనిపించింది. ఆ రోజు నుంచి అంగట్లో ఎవరో ఒకరు ‘అక్కను అడుగు’ అనేవాళ్లు, నేను తల ఎత్తేదాన్ని, వాళ్లు మాబున్ని ప్రోగ్రాము తెరుస్తుండేవాళ్లు. తల ఎత్తడం మానుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

దాని గాజుల చప్పుడు పడేది కాదు. దాని నవ్వు పడేది కాదు. ఫ్యాను కింద కుర్చీ దానికిచ్చారని రాత్రి అన్నం తినలేదు. ఇంత పెద్దదాన్ని, కుర్చీ కోసం. పైకి మాత్రం మా మాబున్ని, మా మాబున్ని అని అందరికీ చెప్పేదాన్ని. కడుపులో కత్తులు పెట్టుకుని కౌగిలించుకోవడమంటే ఏమిటో నాకు పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు.

ఒకరోజు టీ తాగుతూ అడిగాను. ఊరికే అడిగాను. ఊరికేనా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆ ప్రశ్న వెనక అప్పటికే ఏదన్నా ఉందా లేదా అన్నది నాకు తేలలేదు.

“ఇది అన్ని ఫైళ్లనూ చూస్తాదా మాబున్నీ? దాచిపెట్టినవి కూడా?”

“ల్యాదక్కా. హిడెన్ అని టిక్కు పెట్టినవాటి జోలికి పోదు. నేనే వదిలేసినా.”

“ఏమిటికి?”

“దాచిపెట్టినోళ్లకు యాడ దాచినారో తెలిసే ఉంటాది కదక్కా. వాళ్లకు ఇంగ వెతుక్కునే పని యాడిది?”

అని నవ్వింది. నేనూ నవ్వాను. ప్రతి ఫైలుకూ ఒక చిన్న గడి ఉంటుంది, అందులో టిక్కు పెడితే ఆ ఫైలు ఉన్నచోటే ఉంటుంది గానీ మామూలుగా కంటికి కనపడదు. దాని ప్రోగ్రాముకున్న కళ్లు ఎక్కడ మూసుకుంటాయో తనే నాకు చెప్పింది. అడిగింది నేను కాబట్టి చెప్పింది.

కొన్నాళ్లకు కర్నూలు నుంచి ఒకాయన వస్తున్నాడని తెలిసింది. మా ఓనరుకు తెలిసినవాడు, ఆయనకు చాలాచోట్ల ప్రెస్సులున్నాయి. ప్రోగ్రాము నచ్చితే అన్నింట్లోనూ పెట్టించి, మాబున్నిని కర్నూలులో ఇలాంటి పనికే తీసుకుంటానన్నాడట. వాళ్ల నాయనకు రోజూ ఈ బస్సు తిరుగుళ్లు ఇష్టం లేదు. కర్నూలు పని కుదిరితే అక్కడ మేనత్త ఇంట్లో ఉండి చేసుకోమన్నాడు, కుదరకపోతే ఇక ఇల్లు కదలొద్దన్నాడు. ఇదంతా మాబున్నే నాకు చెప్పింది. చెప్పి, నా చెయ్యి పట్టుకుని, ఈ పని కుదరాలని దువా చెయ్యి అక్కా అంది. చేస్తానన్నాను.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే ఆళ్లగడ్డ షెడ్డు నుంచి సుబ్బాచారి వచ్చాడు. పాములపాడు బడికి చేసిన శిలాఫలకం ట్రాక్టరులోంచి దించుతుంటే జారి రెండు ముక్కలైందట. మరుసటి రోజే ప్రారంభోత్సవం. అక్షరాలు మళ్లీ కావాలి. ఓనరు సంబరపడ్డాడు. మంచిదే ఆచారీ, కర్నూలాయన ముందరే వెతికిద్దాం, ఆయనా చూస్తాడు అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ బయటికి పోయారు. మాబున్ని బస్సు ఇంకా రాలేదు. మిగతావాళ్లు చీపురు పట్టుకుని ముందు గది ఊడుస్తున్నారు.

ఆ ఫలకం చేసింది నేనే. ఫైలు ఎక్కడుందో నాకు తెలుసు. వెళ్లి కూర్చున్నాను. తెరిచాను. గడిలో టిక్కు పెట్టాను. ఫైలు తెరమీద నుంచి పోయింది.

అప్పుడు ఏమనుకున్నాను? తమాషాకు అనుకున్నానా? నిజంగానే కనపడదా చూద్దామనుకున్నానా? మాబున్ని వచ్చేలోపు తీసేద్దామనుకున్నానా? ఇవన్నీ తర్వాత నేను అల్లుకున్నవి. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు. చాలా ప్రశాంతంగా ఉంది. అది తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది. లేచి వచ్చి నా చోట కూర్చుని, ఎవరిదో ఓణీల ఫంక్షన్ కార్డు కొట్టుకుంటూ ఉన్నాను.

కర్నూలాయన వచ్చాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. మాబున్ని కొత్త చుడీదారు వేసుకుని వచ్చింది. పాములపాడు అని కొట్టింది. ప్రోగ్రాము చాలాసేపు తిరిగి, దొరకలేదు అంది. మాబున్ని మళ్లీ కొట్టింది. దొరకలేదు. దాత పేరు రామలక్ష్మమ్మ అని కొట్టింది. దొరకలేదు. తెరమీద పైన ‘అక్క’ అని పెద్ద అక్షరాలు, కింద ‘దొరకలేదు’. దాని మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. రాతి దుమ్ము పట్టిన చేతులతో సుబ్బాచారి, నాకు బేగా కావల్లమ్మా, రాయి ఈపొద్దే చెక్కల్ల అంటున్నాడు. ఓనరు నా వైపు తిరిగి, నువ్వన్నా చూడు పాపా అన్నాడు.

మీరు పోయి టీ తాగి రండి, నేను చూస్తానన్నాను. అందరూ బయటికి నడిచారు. మాబున్ని మాత్రం పోలేదు, వెనక గోడకు తల ఆనించి నిలబడింది, నా వైపు వీపు పెట్టి. దాచిన ఫైళ్లను కాసేపు కనపడేలా చేసుకుని టిక్కు తీసేశాను. ఫైలు తెరిచి, రాయి సైజుకు కాస్త సర్ది, సేవ్ చేసి పిలిచాను. ఇదిగో, ఇక్కడే ఉంది అన్నాను. ‘ఇక్కడే’ అని వత్తి పలికాను. అవసరం లేదు. అయినా పలికాను.

కర్నూలాయన నవ్వి, మిషన్ కంటే మనిషే నయమప్పా అన్నాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఆ మాట తీపిగానే ఉంది. ఇది కూడా ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమంతా నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఆ మాట చప్పరిస్తూ ఇంటికి నడిచాను.

ఇక్కడితో ఆగినా ఏదో ఒక సర్దుబాటు చెప్పుకునేదాన్ని. ఆగలేదు. మరుసటి రోజు మాబున్ని మళ్లీ పాములపాడు అని కొట్టి చూసింది. ఈసారి దొరికింది. నిన్న దొరకనిది ఇవాళ ఎలా దొరికిందని దానికి తలతిరిగిపోయింది. నన్ను అడిగింది, ఆ ఫైలులో ఏమన్నా మళ్లీ కొట్టావా అక్కా అని. నిజం చెప్పడానికి దేవుడు నాకు రెండోసారి తలుపు తీశాడు. నేను ఆ తలుపు మూసి గడియ పెట్టాను. అవును, పాములపాడులో ‘ము’ సరిగా పడలేదు, దాత పేరులో ‘మ’లు కూడా, అవన్నీ మళ్లీ కొట్టానన్నాను.

అదెంత అబద్ధమో, ఎంత తెలివైన అబద్ధమో చెప్పాలి. మా ఫాంటులో ‘మ’ ఒక్క అక్షరం కాదు. ‘వ’ కొట్టి పక్కన ఒక కొమ్ము తగిలించాలి. ‘ము’ కావాలంటే ఇంకో కొమ్ము. కొమ్ములు కూడా రెండు మూడు రకాలుండేవి, ఏది తగిలించినా కంటికి ఒకేలా ఉండేది. అందుకని తప్పు ‘మ’లో ఉందంటే ఎవరైనా నమ్ముతారు. మాబున్ని నమ్మింది. ఆ వేళ నుంచి ‘మ’ను పట్టుకుని కూర్చుంది. లేని తప్పును వెతికింది. పాత ఫైళ్లన్నీ తెరిచి ఎవరు ఏ కొమ్ము కొట్టారో చూసేది, ప్రోగ్రాములో మార్చేది, మళ్లీ మార్చేది. నేను దానికి టీ తెచ్చిపెట్టేదాన్ని. కళ్లు నొప్పులు పుడతాయి, ఇంక చాలించు అనేదాన్ని. అలా మార్చి మార్చి చివరికి బాగున్నదాన్ని నిజంగానే చెడగొట్టుకుంది. మామిడి అంటే దొరకదు, మహానంది అంటే దొరకదు, అమ్మ అంటే దొరకదు. ఓనరు విసుక్కుని దాన్ని అన్ని కంప్యూటర్లలోంచీ తీసేయించాడు.

కర్నూలు నుంచి కబురు రాలేదు. మాబున్ని ఒక శనివారం అందరికీ చెప్పి వెళ్లిపోయింది, మళ్లీ బస్సెక్కలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్నెవరూ పట్టలేదు. ఫ్యాను కింద కుర్చీ నాకు వచ్చింది. ఎవరైనా ‘అక్కను అడుగు’ అంటే అది మళ్లీ నేనే. కొన్నాళ్లు తల ఎత్తాను. తర్వాత్తర్వాత ఎవరైనా ఆ మాట అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఏళ్లు గడిచాయి. కంప్యూటర్లకే తెలుగు వచ్చేసింది. కొత్త ఫాంట్లలో ‘మ’ అంటే ‘మ’, ఒక్కటే అక్షరం. ఏ మాట కొట్టినా క్షణంలో తెచ్చి చూపిస్తుంది. ఫైళ్లు గుర్తుండే మనిషి ఎవరికీ అక్కరలేకపోయింది. దేన్ని కాపాడుకోవడానికి ఆ పని చేశానో అది తనంతట తానే పోయింది. నవ్వొస్తుందా మీకు? నాకు ఇక్కడ మాత్రం నిజంగానే నవ్వొస్తుంది.

ఒకసారి మా అక్క కూతురిని హాస్టల్లో చేర్చాల్సి వచ్చి, ట్రంకుపెట్టె కోసం ఆళ్లగడ్డకు పోయాను. నంద్యాలలోనూ దొరుకుతాయి. అయినా ఆళ్లగడ్డకే పోయాను. మాబున్ని అంగట్లోనే ఉంది. కాస్త ఒళ్లు చేసింది. ఒక పెట్టె మూత మీద ఎవరి పేరో తెల్ల రంగుతో రాస్తోంది, చిన్న కుంచెతో, గుండ్రంగా, అచ్చు వేసినట్టు. నన్ను చూసి లేచి వచ్చి కావలించుకుంది. సోడా తెప్పించింది. మా అక్క కూతురి పేరు మాధవి అంటే, తనే రాసిస్తానని కూర్చుంది. ‘మ’ రాస్తూ కుంచె ఆపింది.

“అక్కా, ఒగటి అడుగుతా. ఆ పాములపాడు ఫైలు నీకు గ్యాపకం ఉండాదా? ‘మ’లో నేను యాడ తప్పు చేసినానో నాకు ఇప్పటికీ తట్టలా. నీకేమన్నా తెలిసిందా?”

నోటిదాకా వచ్చింది. ఒట్టు, నోటిదాకా వచ్చింది. అంగట్లో మేమిద్దరమే ఉన్నాం.

“అప్పటి ఫాంట్లే అంతలే మాబున్నీ. నీ తప్పు ఏముంది.”

“ల్యాదులే అక్కా. తప్పు నాదే. ఏదో ఒగటి నేను సరిగా చూసుకోలే.”

అని మళ్లీ కుంచె రంగులో ముంచి, ‘మా’ పూర్తి చేసింది. పెట్టెను తనే మోసుకొచ్చి బస్సు మీదికి ఎక్కించింది. దొంగకు తేలు కుట్టినట్టు కిటికీ పక్కన కూర్చుని నంద్యాల దాకా వచ్చాను.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించే హక్కు ఉన్నది ఒక్కరికే, ఆ మనిషికి ఏం జరిగిందో కూడా తెలియదు. ఇది దాని కంటపడుతుందో లేదో నాకు తెలియదు. పోయి ఎదురుగా చెప్పవచ్చు కదా అంటారు. చెప్పవచ్చు. బస్సు ఉంది, దారి తెలుసు, అంగడి తెలుసు. నాకు లేనిది ధైర్యం ఒక్కటే. కర్నూలు పోలేకపోయినందుకు మాబున్ని ఏడ్చిందో లేదో కూడా నేను ఎప్పుడూ అడగలేదు. కానీ అది తన తప్పేనని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉండటం, తనకొచ్చింది వచ్చని గట్టిగా చెప్పే ఆ పిల్ల నోటివెంట ‘నేను సరిగా చూసుకోలే’ అనే మాట రావడం, అది నేను చేసిన పని. ఉద్యోగం పోగొట్టినదానికంటే ఇదే నన్ను ఎక్కువగా తినేస్తోంది.

దాచిపెట్టినవాళ్లకు ఎక్కడ దాచారో తెలిసే ఉంటుందంది. తెలిసే ఉంది. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

మాబున్నీ, నీ ‘మ’లో తప్పేమీ లేదు. నువ్వు మొదట రాసినది మొదట రాసినట్టే బాగుంది. ఆ ఫైలు నేను దాచాను.